ఇంట్లో వర్చువల్ పిన్‌బాల్ క్యాబినెట్, 4వ పాఠం: కంట్రోలర్ పిన్ను నుంచి కాయిల్ దాకా

గత పాఠంలో, తెర మీద ఆడే పిన్‌బాల్‌కు నిజమైన యంత్రపు శబ్దాలూ కుదుపులూ ఇచ్చే మన క్యాబినెట్ అడుగు పలక మీద పవర్ సప్లైలను బిగించుకున్నాం. కంప్యూటరుకు దాని సొంత సప్లై, లైట్లకూ చిన్న మోటార్లకూ 5, 12 వోల్టులు ఇచ్చే మరో ఏటీఎక్స్ (కంప్యూటరు రకం) సప్లై, కాయిల్స్ కోసం 24 వోల్టుల సప్లై ఇప్పుడు సిద్ధంగా ఉన్నాయి. తెర మీద బంతి బంపరును తాకిన క్షణంలో ఆ 24 వోల్టుల కరెంటు సోలినాయిడ్‌లోకి (కరెంటు పారగానే లోపలి ఇనుప కడ్డీని లాగి దెబ్బ కొట్టించే తీగ చుట్ట, కాయిల్ అనేదీ దీన్నే) పారాలి, తక్కిన సమయంలో చుక్క కూడా పారకూడదు. ఆ ఏర్పాటే ఈ పాఠం. ఒక్క అవుట్‌పుట్‌ను మొదటి నుంచి చివరి దాకా అర్థం చేసుకుని కట్టగలిగితే మిగిలినవన్నీ కొద్ది మార్పులతో దాని నకళ్లే కనుక, పాఠంలో ఎక్కువ భాగం ఆ ఒక్కదాని మీదే నిలుస్తుంది.

సోలినాయిడ్ కొట్టాలన్న నిర్ణయం కంప్యూటరులో పుడుతుంది. విజువల్ పిన్‌బాల్ అనే ప్రోగ్రాము టేబుల్‌ను, అంటే ఒక పిన్‌బాల్ ఆటను, తెర మీద నడుపుతుండగా, విపిన్‌మేమ్ అనే మరో ప్రోగ్రాము అసలు యంత్రంలోని రోమ్ (చిప్పులో నిల్వ ఉన్న) ప్రోగ్రామును నడుపుతుంది. ఫలానా సంఖ్య గల కాయిల్‌ను ఇప్పుడు కొట్టు అని ఆ రోమ్ చెప్పగానే, అందరూ డీఓఎఫ్ అని పిలుచుకునే డైరెక్ట్ అవుట్‌పుట్ ఫ్రేమ్‌వర్క్ ఆ సంఖ్యను ఈ టేబుల్‌కు సంబంధించిన అమరికలో వెతికి, అది మీ క్యాబినెట్‌లో ఏ పోర్టుకు (అవుట్‌పుట్‌కు) చెందుతుందో తేల్చి, యూఎస్‌బీ తీగ మీదుగా కంట్రోలరు అనే చిన్న బోర్డుకు కబురు పంపుతుంది. రోమ్ లేని పాత ఎలక్ట్రో మెకానికల్ టేబుళ్లకు ఈ కబురు టేబుల్ స్క్రిప్టు నుంచే వస్తుంది. కబురు అందుకున్న కంట్రోలరు తన పిన్నులలో ఒకదాని వోల్టేజిని పెంచుతుంది. దాని పని అక్కడితో సరి. కాయిల్‌ను కదిలించే శక్తి ఈ దారిలో ఎక్కడా ప్రయాణించదు. అది వేరే తీగల మీద, వేరే సప్లై నుంచి వస్తుంది. నిర్ణయం నడిచే దారినీ, శక్తి నడిచే దారినీ మనసులో విడివిడిగా ఉంచుకున్నవారికి ఈ వైరింగులో అర్థం కానిదంటూ పెద్దగా ఉండదు.

కంట్రోలరు ఎంపిక గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. తొలినాళ్ల నుంచి వాడుకలో ఉన్న లెడ్‌విజ్‌కు 32 అవుట్‌పుట్లు ఉన్నాయి, ఒక్కోటి 500 మిల్లీఆంపియర్ల దాకా భరిస్తుంది. యూఎస్‌బీ రిలే బోర్డులు సులువైనవే కానీ రిలేకు (కాయిల్‌తో తెరుచుకుని మూసుకునే స్విచ్చుకు) ఆన్, ఆఫ్ తప్ప మధ్య స్థాయి తెలియదు. పైగా అది కొట్టే టిక్కు శబ్దం కాయిల్ శబ్దంతో కలిసి వినబడుతుంది. కెఎల్25జెడ్ అనే చిన్న బోర్డు మీద పిన్‌స్కేప్ ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే ప్రోగ్రాము) వేసుకుంటే అవుట్‌పుట్లతో పాటు బటన్లూ, బంతిని వదిలే ప్లంజరూ, బోర్డు మీదే ఉన్న యాక్సిలరోమీటరు (కదలికను కొలిచే చిప్పు) ద్వారా క్యాబినెట్‌ను తట్టినప్పటి కదలికా ఒకే చోట అమరుతాయి. రాస్ప్‌బెర్రీ పై పికో మీద నడిచే పిన్‌స్కేప్ పికో దీని తర్వాతి తరం, అయితే ఆ బోర్డుకు యాక్సిలరోమీటరును విడిగా జోడించుకోవాలి. సోల్డరింగ్‌కు వెనుకాడనివారికి పిన్‌స్కేపే మేలని నా అభిప్రాయం. అందుకే ఈ పాఠంలోని లెక్కలన్నీ కెఎల్25జెడ్‌ను ముందు పెట్టుకుని వేసినవే.

పిన్ను బలమెంత, కాయిల్ ఆకలెంత

కెఎల్25జెడ్ పిన్ను 3.3 వోల్టుల వద్ద పనిచేస్తుంది. దాని నుంచి 4 మిల్లీఆంపియర్లకు మించి లాగకూడదు. ఇప్పుడు ఒక నాకర్ కాయిల్‌ను (ఉచిత ఆట గెలిచినప్పుడు టక్కున కొట్టేది) తీసుకోండి. మల్టీమీటరు పెట్టి చూస్తే దాని నిరోధం 4 ఓమ్‌లు ఉందనుకుందాం. 24 వోల్టులకు కలిపితే 24ను 4తో భాగించినప్పుడు వచ్చే 6 ఆంపియర్లు అందులో పారతాయి. అంటే పిన్ను ఇవ్వగలిగిన దానికి 1500 రెట్లు. వోల్టేజి సంగతి పక్కన పెట్టినా ఈ రెండింటినీ నేరుగా కలిపే ప్రశ్నే లేదు. నడుమ ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చు కావాలి. ఆ పనికి మనం వాడేది ఎన్-ఛానల్ మాస్‌ఫెట్. దానికి మూడు కాళ్లు: గేటుకు వోల్టేజి అందితే డ్రెయిన్ నుంచి సోర్స్‌కు కరెంటు పారుతుంది.

శక్తి దారి ఇలా ఉంటుంది. 24 వోల్టుల పాజిటివ్ నుంచి తీగ ముందుగా ఫ్యూజులోకి, ఫ్యూజు నుంచి కాయిల్ ఒక కొసకు వెళుతుంది. కాయిల్ రెండో కొస నుంచి బయలుదేరిన తీగ మాస్‌ఫెట్ డ్రెయిన్‌కు చేరుతుంది. సోర్స్ కాలు సప్లై నెగెటివ్‌కు కలుస్తుంది. గమనించండి, కాయిల్‌కు పాజిటివ్ ఎప్పుడూ అంది ఉంటుంది, మనం తెరిచి మూసేది నెగెటివ్ వైపు మాత్రమే. కాబట్టి ఆట ఆగి ఉన్నా కాయిల్ కొసలలో 24 వోల్టులు ఉంటాయి. స్క్రూడ్రైవరు జారి ఆ కొస ఏ గ్రౌండు లోహానికో తగిలితే, ఏ పక్క కొసకు తగిలిందన్న దాన్ని బట్టి కాయిల్ ఠపీమని కొడుతుంది లేదా ఫ్యూజు పోతుంది. సప్లై ఆపకుండా క్యాబినెట్‌లోకి చేయి పెట్టవద్దని చెప్పడానికి ఇది చాలు. సప్లై లోపలికి వచ్చే మెయిన్స్ స్క్రూల మీద మూత లేకుంటే ఆ కారణం ఇంకా బలమైనది.

మాస్‌ఫెట్ కొనేటప్పుడు పేరులోని ఒక్క అక్షరం చూసుకోవాలి. ఐఆర్ఎఫ్540 గేటుకు 10 వోల్టులు అందితేనే పూర్తిగా తెరుచుకుంటుంది. ఐఆర్ఎల్540ఎన్ లాజిక్ స్థాయి రకం, 4, 5 వోల్టులకే బాగా తెరుచుకుంటుంది. అయినా మన పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులే. సగం తెరుచుకున్న మాస్‌ఫెట్ నిరోధంలా మారి వేడెక్కి మాడిపోతుంది. అందువల్ల పిన్నును గేటుకు నేరుగా కలపకుండా, నడుమ పీసీ817 ఆప్టోకప్లరును (లోపలి ఎల్‌ఈడీ వెలుగుతో అవతలి స్విచ్చును నడుపుతూ, రెండు వైపుల కరెంటును విడిగా ఉంచే చిప్పు) పెట్టి, గేటుకు 12 వోల్టులు అందిస్తాం. ఇందులో మరో లాభమూ ఉంది: మాస్‌ఫెట్ ఎప్పుడైనా లోపల షార్టయితే 24 వోల్టులు గేటు దాకా వచ్చి ఆప్టోకప్లరును బలి తీసుకుంటాయే తప్ప బోర్డు మీదుగా కంప్యూటరు వరకూ పోవు.

పీసీ817కు నాలుగు కాళ్లు. చుక్క గుర్తు పక్కనున్నది 1వ కాలు. కంట్రోలరు పిన్ను నుంచి 680 ఓమ్‌ల రెసిస్టరు మీదుగా 1వ కాలికి, 2వ కాలి నుంచి కంట్రోలరు గ్రౌండుకు కలపాలి. లోపలి ఎల్‌ఈడీ సుమారు 1.2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 2.1 వోల్టులను 680తో భాగిస్తే దాదాపు 3 మిల్లీఆంపియర్లు, అంటే పిన్ను హద్దు లోపలే. అటు పక్క 4వ కాలు 12 వోల్టులకు, 3వ కాలు మాస్‌ఫెట్ గేటుకు వెళతాయి. 4వ కాలిని పొరపాటున 24 వోల్టులకు కలపకండి. ఐఆర్ఎల్540ఎన్ గేటు 16 వోల్టులకు మించి తట్టుకోదు. గేటులోని పలుచని పొర ఒకసారి చిల్లుపడితే ఆ మాస్‌ఫెట్ ఇక పనికిరాదు.

గేటుకూ సోర్స్‌కూ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టరు ఒకటి తప్పనిసరి. దీన్ని అనవసరమనుకుని వదిలేసేవారు చాలామంది. ఆప్టోకప్లరు ఆగినప్పుడు గేటులో చేరిన ఛార్జి బయటికి పోయే దారి ఇదొక్కటే. ఇది లేకపోతే గేటు ఎటూ కాకుండా తేలుతూ ఉండి, కాయిల్ ఆగవలసినప్పుడు ఆగదు. కంప్యూటరు ఇంకా మేల్కొనని ఆ కొన్ని సెకన్లలో, కంట్రోలరు పిన్నులు ఏ స్థితిలో ఉన్నా, కాయిల్ నిద్రలోనే ఉండేలా చూసేదీ ఈ రెసిస్టరే.

అక్షరాలు మనకు కనబడేలా మాస్‌ఫెట్‌ను నిలబెట్టి చూస్తే ఎడమ నుంచి కుడికి గేటు, డ్రెయిన్, సోర్స్ వరుసగా ఉంటాయి. వెనుకనున్న లోహపు రేకు కూడా డ్రెయినే. ఒకే లోహపు పట్టీకి నాలుగు మాస్‌ఫెట్లను వరుసగా బిగిస్తే నాలుగు డ్రెయిన్లూ ఒక్కటైపోయి, ఏ ఒక్క అవుట్‌పుట్ వచ్చినా నాలుగు కాయిల్స్ కలిసి కొడతాయి. నడుమ మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ వాషరు పెట్టాలి, లేదా పట్టీ మానేయాలి. 6 ఆంపియర్ల వద్ద ఈ మాస్‌ఫెట్‌లో పుట్టే వేడి సుమారు 1.6 వాట్లు. నాకర్ కొట్టేది క్షణకాలమే కనుక దానికి హీట్‌సింకు (వేడిని లాగే లోహపు ముక్క) అక్కరలేదు. డ్రెయిన్, సోర్స్ తారుమారైతే మరో వింత జరుగుతుంది. మాస్‌ఫెట్ లోపల సహజంగానే ఉండే డయోడ్ (కరెంటును ఒకే వైపు పారనిచ్చే భాగం) గుండా కరెంటు పారిపోయి, కంట్రోలరు ఏం చెప్పినా వినకుండా కాయిల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

డయోడ్ లేని కాయిల్

పారుతున్న కరెంటును హఠాత్తుగా ఆపడానికి కాయిల్ ఒప్పుకోదు. మాస్‌ఫెట్ మూసుకున్న మరుక్షణం కాయిల్ తన చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రంలోని శక్తిని తిరిగి వదులుతూ, వందల వోల్టుల ఎదురు దెబ్బ పుట్టిస్తుంది. దానికి సురక్షితమైన దారి చూపడానికి కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడ్‌ను పెట్టాలి. డయోడ్ మీద తెల్లని గీత ఉన్న వైపు పాజిటివ్ కొసకు, గీత లేని వైపు మాస్‌ఫెట్‌కు వెళ్లే కొసకు ఉండాలి. తిరగేసి పెడితే మొదటి దెబ్బకే 24 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య షార్టు ఏర్పడుతుంది. అప్పుడు ఫ్యూజు పోతే అదృష్టం, మాస్‌ఫెట్ పోతే ఖర్చు.

డయోడ్‌ను కంట్రోలరు బోర్డు మీద పెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. పెట్టవచ్చు, మాస్‌ఫెట్ బతుకుతుంది. కానీ ఆ ఎదురు కరెంటు కాయిల్ నుంచి బోర్డు దాకా, బోర్డు నుంచి కాయిల్ దాకా మీటరు పొడవు తీగలలో తిరుగుతుంది, ఆ తీగలు పక్కనున్న యూఎస్‌బీ, బటన్ తీగలలోకి గోల ప్రసారం చేస్తాయి. కాబట్టి డయోడ్‌ను కాయిల్ కొసలకే, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేయాలి.

డయోడ్ తప్పిపోయిన కాయిల్‌ను గుర్తు పట్టే లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఆట జోరుగా సాగుతుండగా విండోస్ యూఎస్‌బీ పరికరం ఊడిపోయినప్పుడు చేసే శబ్దం చేస్తుంది. రెండు క్షణాల తర్వాత తిరిగి తగిలిన శబ్దం వస్తుంది. ఎవరూ నొక్కకుండానే స్టార్టు బటన్ పనిచేసి కొత్త ఆటగాడు చేరతాడు. తెర ఒక్కసారి మినుకుమంటుంది. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ లోపాలని భ్రమపడి డ్రైవర్లు తిరగవేసుకుంటూ కూర్చునేవారు ఎందరో. ఒక్కో కాయిల్ తీగను వరుసగా ఊడదీస్తూ ఆడి చూస్తే, ఏది ఊడినప్పుడు జబ్బు నయమైందో అదే దోషి. మోటార్లకూ, కాంటాక్టర్లకూ (పెద్ద రిలేలకూ), రిలే కాయిల్స్‌కూ ఇదే నియమం. ఎల్‌ఈడీలకు మాత్రం డయోడ్ అవసరం లేదు.

బంపర్లకూ స్లింగ్‌షాట్లకూ (తాకిన బంతిని ఎదురు తన్నే భాగాలకు) నిజమైన సోలినాయిడ్ల బదులు పరిశ్రమల్లో వాడే 24 వోల్టుల కాంటాక్టర్లను పెట్టుకునేవారూ చాలామందే ఉన్నారు. అవి తక్కువ కరెంటుతో గట్టి టక్కు శబ్దం ఇస్తాయి. 3 వాట్ల కాంటాక్టర్ కాయిల్ 24 వోల్టుల వద్ద ఆంపియర్‌లో ఎనిమిదో వంతే తీసుకుంటుంది. ఇంత చిన్న పనికి మాస్‌ఫెట్ దండగ. యూఎల్ఎన్2803 అనే చిప్పులో ఎనిమిది డార్లింగ్టన్ స్విచ్చులు ఉంటాయి, ఒక్కొక్కటి 500 మిల్లీఆంపియర్ల దాకా మోయగలదు, 3.3 వోల్టుల పిన్నుతో నేరుగా నడుస్తుంది, ఎదురు దెబ్బను అదుపు చేసే డయోడ్లు కూడా లోపలే ఉంటాయి. అయితే ఎనిమిదీ ఒకేసారి నిండు బరువు మోస్తే చిప్పు వేడిని తట్టుకోలేదు కనుక చిన్న కాయిల్స్‌కే దీన్ని కేటాయించాలి.

ఈ చిప్పులో కామ్ అనే కాలు ఒకటుంది. లోపలి డయోడ్లన్నీ ఆ కాలి దగ్గర కలుస్తాయి. దాన్ని వదిలేస్తే డయోడ్లు ఉండీ లేనట్టే. 24 వోల్టుల కాయిల్స్ ఉన్నప్పుడు దాన్ని 24 వోల్టుల పాజిటివ్‌కే కలపాలి. ఒకే చిప్పు మీద కొన్ని 5 వోల్టుల దీపాలూ కొన్ని 24 వోల్టుల కాంటాక్టర్లూ పెట్టి, కామ్ కాలిని 5 వోల్టులకు కలిపారనుకోండి. కాంటాక్టర్ కాయిల్ గుండా వచ్చిన కరెంటు చిప్పులోని డయోడ్ మీదుగా 5 వోల్టుల సప్లైలోకి పారుతుంది. స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా కాయిల్ మీద 18 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. కాంటాక్టర్ ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. చూసేవారికి చిప్పు పాడైందని తోస్తుంది. చిప్పు నిక్షేపంగా ఉంటుంది, మార్చవలసింది ఒక్క తీగ.

ఎంతసేపు ఆన్‌లో ఉండవచ్చు

మన నాకర్ కాయిల్ మీద 24 వోల్టులు, 6 ఆంపియర్లు అంటే 144 వాట్లు. పదుల మిల్లీసెకన్ల పాటు అయితే అది దానికి లెక్కలోది కాదు. సరిగ్గా కాయిల్ ఆన్‌లో ఉన్నప్పుడు టేబుల్ స్తంభించిపోతే ఆ వేడంతా చేరి కాయిల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగి, పొగ వస్తుంది. దీనికి రెండు కాపలాలు పెట్టుకోవాలి. మొదటిది కంట్రోలరులో ఉండేది: పిన్‌స్కేప్‌లో ఫ్లిప్పర్ లాజిక్ అనే ఏర్పాటును ఆ పోర్టుకు ఎంచుకుంటే మొదట పూర్తి శక్తి ఇచ్చి, మనం చెప్పిన మిల్లీసెకన్లు గడిచాక శక్తిని దానంతటదే తగ్గిస్తుంది. నాకర్‌కు ఆ తగ్గిన స్థాయిని సున్నాగా పెట్టాలి. రెండోది ఫ్యూజు. 6 ఆంపియర్ల కాయిల్‌కు 6 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే అది ఎప్పటికీ పోదు, పోవలసినప్పుడు కూడా పోదు. 2 ఆంపియర్ల స్లో బ్లో రకం వేస్తే క్షణకాలపు దెబ్బలను ఓర్చుకుంటుంది, కరెంటు ఆగకుండా పారితే కొద్ది సెకన్లలో తెగుతుంది. కంట్రోలరులోని సమయ పరిమితి ఉండగా ఫ్యూజు ఎందుకని అడగవద్దు. మాస్‌ఫెట్ షార్టయితే కంట్రోలరు మాట వినేవారే ఉండరు.

అర్ధరాత్రి ఆడే అలవాటున్నవారు పిన్‌స్కేప్‌లోని నైట్ మోడ్‌ను ఒక బటన్‌కు ముడిపెట్టుకోవడం ఇంట్లో శాంతికి మంచిది. శబ్దం చేసే పోర్టులను ముందే గుర్తించి పెడితే ఆ ఒక్క బటన్‌తో అవన్నీ మూగబోతాయి, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి.

గ్రౌండు తీగలు

మూడు సప్లైల నెగెటివ్‌లనూ ఒకచోట కలపాలి. గేటుకు అందే 12 వోల్టులకు అర్థం వచ్చేది సోర్స్ కాలు కూడా అదే గ్రౌండులో ఉన్నప్పుడు మాత్రమే. పాజిటివ్‌లను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. కలిపే పద్ధతిలోనే అసలు మెలకువ ఉంది. 22 గేజి తీగకు మీటరుకు దాదాపు 0.05 ఓమ్ నిరోధం ఉంటుంది. రెండు మీటర్ల అలాంటి తీగలో 6 ఆంపియర్లు పారితే దాని కొసల మధ్య 0.6 వోల్టు తేడా వస్తుంది. కంట్రోలరు గ్రౌండు కూడా అదే తీగను పంచుకుంటే, కాయిల్ కొట్టిన ప్రతిసారీ దాని గ్రౌండు 0.6 వోల్టు పైకి లేస్తుంది. 3.3 వోల్టుల వద్ద పనిచేసే బోర్డుకు అది చిన్న కుదుపు కాదు. కాబట్టి సప్లైల దగ్గర ఒక రాగి లేదా ఇత్తడి బస్ బార్ (తీగలన్నీ కలిపే లోహపు పట్టీ) బిగించి, కాయిల్స్ నెగెటివ్‌కు 18 గేజి లేదా అంతకంటే లావు తీగతో, కంట్రోలరు గ్రౌండుకు విడిగా మరో తీగతో, అన్నిటినీ ఆ బార్ దగ్గరే కలపాలి. ఒకదాని నుంచి మరొకదానికి గొలుసుకట్టుగా లాగకూడదు.

కంట్రోలరుకు ఈ విడి గ్రౌండు తీగ లేకుండా యూఎస్‌బీ తీగలోని గ్రౌండు మీదే ఆధారపడటం మరీ ప్రమాదం. యూఎల్ఎన్2803 గ్రౌండు కాలు కంట్రోలరు బోర్డు వైపు ఉండి, బార్‌కు వెళ్లే తీగ ఎప్పుడైనా వదులైతే కాయిల్ కరెంటంతా యూఎస్‌బీ తీగలో, మదర్‌బోర్డు మీదుగా దారి వెతుక్కుంటుంది.

మొదటి అవుట్‌పుట్‌ను పరీక్షించడం

సప్లై ఆపి ఉంచి, మల్టీమీటరుతో డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య షార్టు లేదని, గేటుకూ సోర్స్‌కూ మధ్య 10 కిలోఓమ్‌లు చూపుతోందని నిర్ధారించుకోండి. కాయిల్‌ను ఇంకా తగిలించవద్దు. దాని స్థానంలో 24 వోల్టుల చిన్న బల్బు పెట్టి సప్లై వేయండి. బల్బు ఆరి ఉండాలి. పిన్‌స్కేప్ కాన్ఫిగ్ టూల్‌లోని అవుట్‌పుట్ పరీక్ష తెరలో ఆ పోర్టును ఆన్ చేస్తే వెలగాలి, ఆఫ్ చేస్తే వెంటనే ఆరాలి. వెలగకపోతే గేటు వోల్టేజి కొలవండి. 12కు దగ్గరగా ఉంటే లోపం శక్తి దారిలో ఉంది, సున్నా ఉంటే నిర్ణయం దారిలో ఉంది. సగం వెతుకులాట ఆ ఒక్క కొలతతో తప్పుతుంది. బల్బు నాలుగైదు సార్లు సరిగ్గా మాట విన్నాకే సప్లై ఆపి కాయిల్‌నూ డయోడ్‌నూ కలపండి.

డీఓఎఫ్ వంతు ఆ తర్వాతే. దాని ఆన్‌లైన్ కాన్ఫిగ్ టూల్‌లో ఏ పోర్టుకు ఏ పరికరమో నమోదు చేస్తే టేబుళ్లన్నిటికీ కలిపి ఫైళ్లు తయారవుతాయి. మొదటి పిన్‌స్కేప్ బోర్డుకు సంబంధించిన ఫైలు పేరు చివర 51 అంకె ఉంటుంది. అది లేకుంటే డీఓఎఫ్ బోర్డును గుర్తించినా ఏ పోర్టూ కదలదు. అవుట్‌పుట్ పరీక్ష తెరలో పనిచేసి, ఆటలో పనిచేయని పోర్టు కనబడితే స్క్రూడ్రైవరు పక్కన పెట్టి ఈ ఫైలునే చూడాలి.

వచ్చే పాఠం ఫ్లాషర్లూ, షేకర్ మోటారూ, అంటే వెలుగునూ వేగాన్నీ స్థాయిలుగా మార్చవలసినవి. కెఎల్25జెడ్‌లో అలా మార్చగల ఛానళ్లు 10 మాత్రమే ఉన్నాయి. మూడు రంగుల ఫ్లాషర్లు ఐదు పెడితేనే 15 కావాలి కనుక 16 ఛానళ్ల టీఎల్‌సీ5940 చిప్పును జోడించుకోవాలి. ఆ పాఠానికి వచ్చేలోగా ఒక కాగితం మీద మీ పరికరాలన్నీ రాసుకోండి: పోర్టు సంఖ్య, వోల్టేజి, మల్టీమీటరుతో కొలిచిన నిరోధం, దాని నుంచి లెక్కించిన కరెంటు, ఫ్యూజు, తీగ రంగు. ఏ పరికరానికి స్థాయిలు కావాలో, దేనికి ఆన్, ఆఫ్ చాలో చివరి గడిలో గుర్తు పెట్టండి. ఆ కాగితాన్ని క్యాబినెట్ వెనుక తలుపు లోపలి వైపు అంటించి ఉంచండి.